పొద్దున చూస్తే బ్రేకు బాగానే ఉంటుంది

ఈసారి వచ్చిన ఉత్తరం నాలుగు పేజీలు. రాసినాయన పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆయనకి సొంత పికప్ ఉంది. డీజిల్ బండి, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, చక్రాలు లాక్ అవకుండా చూసే ఏబీఎస్ లేదు. పొద్దున ఖాళీ బండితో కొండెక్కి, పైన సరుకు ఎత్తుకుని సాయంత్రం దిగడం ఆయన పని. ఎనిమిది నెలలుగా బ్రేకులతో ఏదో ఒక తంటా. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు ఏడాది దాటి నడిచేవి, ఇప్పుడు నాలుగు నెలలకే అయిపోతున్నాయి, మూడో సెట్టు నడుస్తోంది. పెడల్ మొదటిసారి తొక్కితే లోతుకి వెళ్తుంది, వెంటనే ఇంకోసారి తొక్కితే పైనే పట్టుకుంటుంది. హ్యాండ్ బ్రేకు 14 క్లిక్కులు లాగితే గానీ బండి నిలబడదు. పది రోజులుగా బ్రేకు వేస్తే ఎడమకి లాగుతోంది కూడా.

మూడు వారాల కిందట ఒక సాయంత్రం లోడుతో దిగుతుంటే, చివరి మలుపులకి ముందు పెడల్ ఒక్కసారిగా నేలకి తగిలింది. గబగబా తొక్కితే మూడోసారికి కాస్త పట్టింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, కొండ వైపు మట్టికట్టకి ఆనించి ఆపారు. పక్క సీట్లో సరుకు దించే కుర్రాడున్నాడు. అరగంట అక్కడే కూర్చుని మళ్ళీ తొక్కి చూస్తే పెడల్ మామూలుగానే ఉంది.

ఆయన బండి చూసేది అక్క భర్త. మెకానిక్. బండి అప్పుకి హామీ సంతకం పెట్టింది ఆయనే, ఇన్నేళ్ళలో కూలి కింద ఒక్క రూపాయి తీసుకోలేదు. మర్నాడు పొద్దున బావ బండిని అటూ ఇటూ తిప్పి, గట్టిగా బ్రేకు కొట్టి, బ్రేక్ ఆయిల్ కొంచెం కలిపి, "బండికేం లేదు, నీకు భయం పట్టుకుంది. దిగేటప్పుడు బ్రేకు మీంచి కాలు తియ్యవు, అదీ నీ రోగం" అన్నాడు. ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్తానంటే అక్క, "ఆయన తలెత్తుకోలేడురా" అంది. భార్యకి ఆ సాయంత్రం సంగతి తెలియదు. ఖర్చులు చూసి ఆవిడ ఎలాగూ బండి అమ్మెయ్యమంటోంది. ఆయన అడిగింది మూడు ముక్కలు: తప్పు నా డ్రైవింగుదా, బండిదా? బావని కాదని బయటికి తీసుకెళ్ళనా? అమ్మేసి ఊరుకోనా?

ఇక మీతోనే మాట్లాడతాను.

ఆ సాయంత్రం మీరు చేసిన పనుల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పెడల్‌ని గబగబా తొక్కారు, గేరు తగ్గించారు, హ్యాండ్ బ్రేకు వాడారు, బండిని లోయ వైపు కాకుండా కొండ వైపు ఆనించారు. ఇంజను మాత్రం ఆపలేదు. చాలామంది కంగారులో తాళం తిప్పేస్తారు. అప్పుడు కాలి బలానికి సాయం చేసే బూస్టర్‌కి వాక్యూమ్ ఆగి, తొక్కే కొద్దీ పెడల్ రాయిలా బిగుస్తుంది, పవర్ స్టీరింగు పోతుంది. తాళం బయటికి లాగితే స్టీరింగే బిగుసుకోవచ్చు. భయపడి మూడు రాత్రులు నిద్ర పోలేదని సిగ్గుపడుతూ రాశారు. నాకైతే అందులో సిగ్గుపడాల్సింది కనిపించలేదు.

మీ బావ అబద్ధం చెప్పలేదు. మీరూ చెప్పలేదు. ఇద్దరూ చూసింది ఒకే బండిని కాదు, అదీ తిరకాసు. మీరు చూసింది నిండు లోడుతో, అరగంట కొండ దిగి, కాగిపోయిన బండిని. ఆయన చూసింది రాత్రంతా చల్లారిన ఖాళీ బండిని. మీరు చెప్పిన జబ్బు చల్లటి బండిలో దొరకదు. జ్వరం తగ్గాక డాక్టరు చెయ్యి పట్టుకుని చూసినట్టు.

ఎందుకో చెబుతాను. బ్రేకు చేసేదల్లా కదలికని వేడిగా మార్చడం. 3 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు దిగుతూ వేగం పెరక్కుండా ఉండాలంటే, పోగొట్టాల్సిన శక్తితో 10 లీటర్ల నీళ్ళు మరిగించవచ్చు. ఇంజనూ ఎదురుగాలీ కొంత తీసుకుంటాయి, మిగిలిందంతా బ్రేకుల నెత్తినే పడుతుంది. మీరు దిగేది 100 మీటర్లు కాదు, దానికి ఎన్నో రెట్లు. ఆ వేడి డిస్కు నుంచి ప్యాడ్‌కి, ప్యాడ్ నుంచి దాన్ని డిస్కుకి నొక్కే క్యాలిపర్ పిస్టన్‌కి, అక్కణ్ణించి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది.

మనం ఆయిల్ అని పిలుస్తాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. దానికి ఉప్పుకున్న గుణమే ఉంది, గాలిలో తేమని పీల్చుకుంటుంది. డబ్బా మూతలోంచి, రబ్బరు హోస్‌ల గోడల్లోంచి కూడా కొద్ది కొద్దిగా లాక్కుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 డిగ్రీలు. నూటికి 3.7 వంతులు నీరు చేరాక చూస్తే ఆ లెక్క డాట్ 3కి 140 డిగ్రీలకి, డాట్ 4కి 155కి పడిపోతుంది. రెండేళ్ళకోసారి పాత ఆయిల్ మొత్తం మార్చమని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉండేది అందుకే. మీరు బండి కొన్నప్పటి నుంచి కలపడమే తప్ప మార్చింది లేదని రాశారు. నాలుగేళ్ళు.

ఆయిల్ మరిగితే బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరిని నొక్కితే నలుగుతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే ఖర్చయిపోయింది, చక్రం దాకా చేరలేదు. వరసగా తొక్కినప్పుడు ఇంకాస్త ఆయిల్ లైన్లోకి వెళ్ళి కొంచెం పట్టింది. అరగంటకి చల్లారి ఆవిరి మళ్ళీ ద్రవమైంది, పెడల్ పైకొచ్చింది. వేపర్ లాక్ అంటారు దీన్ని. ప్యాడ్లు కాగి పట్టు తప్పడం వేరే సంగతి. అందులో పెడల్ గట్టిగా పైనే ఉంటుంది, ఎంత తొక్కినా బండి ఆగదు, కాలిన వాసన ముందే వస్తుంది. మీకు పెడల్ నేలకి తగిలింది కాబట్టి నా అనుమానం ఆయిల్ మీదే.

అయితే ఆయిల్ అంతగా ఎందుకు కాగింది? ఇన్నేళ్ళు అదే కొండ, అదే పని. మీ ఉత్తరం రెండో పేజీలో, బ్రేకుల ఊసు లేని చోట, సరుకు గురించి చెబుతూ ఇలా రాశారు: "వెనక బాగా కూర్చుంటోందని కమాన్ కట్టల్లో ఒక్కో పట్టీ ఎక్కువ వేయించాను. ఇప్పుడు ఫుల్ లోడులో కూడా బండి ఎత్తుగానే నిలబడుతోంది." కమాన్ అంటే వెనక బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట. ఎప్పుడు వేయించారో కూడా రాశారు. ఎనిమిది నెలల కిందట. నాలుగు పేజీల్లో నేను కలంతో గీత గీసుకున్నది ఈ ఒక్క చోటే.

పికప్‌కి ఒక చిక్కుంది. ఖాళీగా ఉంటే వెనక బరువే ఉండదు. అప్పుడు వెనక బ్రేకులకి పూర్తి బలం ఇస్తే చక్రాలు లాక్ అయి బండి వెనకభాగం పక్కకి ఈడ్చుకుపోతుంది. లోడు ఉన్నప్పుడు వెనక చక్రాలే ఎక్కువ బరువు మోస్తాయి, అప్పుడు అక్కడ బ్రేకు గట్టిగా పడాలి. ఏబీఎస్ ఉన్న కొత్త బండ్లలో ఈ లెక్క ఎలక్ట్రానిక్స్ చూసుకుంటాయి. మీలాంటి బండ్లలో చాలావాటికి వెనక యాక్సిల్ పైన ఛాసిస్‌కి లోడ్ సెన్సింగ్ వాల్వు బిగించి ఉంటుంది. దాన్నుంచి ఒక రాడ్డో స్ప్రింగో యాక్సిల్‌కి వెళ్తుంది. లోడు పడి బండి కిందికి కూర్చుంటే ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య దూరం తగ్గుతుంది, రాడ్డు కదులుతుంది, వాల్వు వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. ఆ వాల్వుకి కళ్ళు లేవు, దానికి తెలిసింది ఆ దూరం ఒక్కటే.

మీరు పట్టీ వేయించాక బండి కూర్చోవడం మానేసింది. వాల్వు సంగతేమిటి? నిండు లోడు వేసినా ఖాళీగా ఉందనే అనుకుంటుంది. వెనక బ్రేకుల్ని నొక్కి పట్టి, భారమంతా ముందువాటి మీదికి తోస్తుంది. ప్యాడ్లు నాలుగు నెలలకే ఎందుకు పోతున్నాయో, ముందు చక్రాల దగ్గర ఆయిల్ ఎందుకు కాగిందో దీనితో సరిపోతుంది. దాని మీద, మొదటి తొక్కుడుకి పెడల్ లోతుకి వెళ్ళి రెండోదానికి పైకి రావడం, హ్యాండ్ బ్రేకు 14 క్లిక్కులు లాగాల్సి రావడం, ఈ రెండూ కలిపి చూస్తే డ్రమ్ముని లోపలి నుంచి నొక్కి పట్టే వెనక షూలు డ్రమ్ముకి దూరంగా జరిగి ఉన్నాయని చెబుతున్నాయి. మొదటి తొక్కుడంతా ఆ ఖాళీ పూడ్చడానికే పోతుంది. మీ బావ అరిగినవి మారుస్తూ వచ్చాడు. ముందువి అరుగుతున్నాయి కాబట్టి ముందు వైపే చూశాడు. అవి అరగడానికి కారణం వెనకవి పని చెయ్యకపోవడం కావచ్చన్న ఆలోచన రాలేదు. పట్టీ వేయించిన సంగతి ఆయనకి చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పలేదనే నా అనుమానం, ఎందుకంటే చెబితే "ఎంత లోడు వేస్తున్నావురా" అని అడిగేవాడు.

నేనూ అడుగుతాను. ఎంత వేస్తున్నారు? "కాస్త ఎక్కువే" అని రాశారు. బండి ప్లేటు మీద రాసిన మొత్తం బరువుకి కమాన్ పట్టీతో సంబంధం లేదు. పట్టీ బరువు మోస్తుంది, బండిని ఆపదు. డిస్కు అదే డిస్కు, యాక్సిల్ అదే యాక్సిల్, టైర్లు అవే. వెనక కూర్చోవడం అనేది బండి మీకు చెప్పే మాట, దాని నోరు నొక్కేశారు. కోప్పడటం లేదు. ట్రిప్పు ఖర్చు ఎంత తీసుకున్నా ఒకటే కాబట్టి ఇంకో నాలుగు బస్తాలు వెయ్యాలనిపించడం ఎవరికైనా సహజమే.

ఇక మీ డ్రైవింగు. బావ మాటలో సగం నిజముందని నాకనిపిస్తోంది. మూడో గేరులో దిగుతూ బ్రేకు మీద కాలు ఆనించి ఉంచుతానని మీరే రాశారు. అదే లోడుతో ఎక్కాల్సి వస్తే ఏ గేరు వాడతారో ఆ గేరులోనే, అవసరమైతే ఇంకోటి తగ్గించి, దిగాలి. ఇంజను గోల చేస్తుంది, చెయ్యనివ్వండి. వేగం పెరిగితే ఒకసారి గట్టిగా తొక్కి, బాగా తగ్గాక పూర్తిగా కాలు తీసేయండి. మెత్తగా అలా ఆనించి ఉంచితే ప్యాడ్లకి ఊపిరి తీసుకునే వీలుండదు. న్యూట్రల్‌లో దిగితే డీజిలు మిగులుతుందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట మరిచిపోండి. గేరులో కాలు తీసి దిగేటప్పుడు నేటి డీజిల్ ఇంజన్లు డీజిలు ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఇంజను తిరగడానికి కాస్త తాగుతుంది. కానీ మీరు ఎంత బాగా నడిపినా, పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు నడిపినా, నీరు పట్టిన ఆయిలూ మోసపోయిన వాల్వూ ఉన్న బండి ఏదో ఒక సాయంత్రం అదే పని చేస్తుంది. కాబట్టి తప్పు మీదా బండిదా అంటే, మీ కాలు ఆ రోజుని కాస్త ముందుకి లాగింది. రోజు రాసిపెట్టి ఉంది.

నేను బండి చూడలేదు, మీ ఉత్తరమే చూశాను. అందుకే నా మాట మీద పోకుండా మీ చేతులతో తేల్చుకోగలిగినవి కొన్ని చెబుతాను. చల్లటి బండి, చదును నేల, చక్రాలకి రాళ్ళు. ఇంజను ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే నొక్కి పట్టి స్టార్ట్ చెయ్యండి. పెడల్ కొంచెం కిందికి దిగి ఆగాలి. దిగితే బూస్టర్ బాగుంది. ఇంజను నడుస్తుండగానే అర నిమిషం ఒకే బలంతో నొక్కి ఉంచండి. మెల్లగా నేల వైపు జారిపోతుంటే నేను చెప్పిన కథ పక్కన పెట్టండి. ఎక్కడా కారుతున్నట్టు కనిపించకపోతే అది పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పోయిన గుర్తు. ఆ బండిని ఖాళీగా కూడా రోడ్డెక్కించొద్దు. జారకుండా నిలబడితే మన అనుమానం ఆయిల్ మీదే ఉంటుంది.

తర్వాత వెనక కింద దూరి చూడండి. వాల్వు రాడ్డు ఊడిందా, వంగిందా, బురద పట్టి బిగుసుకుపోయిందా? ఒక్కోసారి పట్టీలు వేసేవాళ్ళే పనికి అడ్డమని విప్పి, మళ్ళీ తగిలించడం మరిచిపోతారు. నాకు తెలిసిన ఒక బండికి అది రెండేళ్ళు సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేసి ఉంది, యజమానికి తెలియనే తెలియదు.

ఎడమకి లాగడం గురించి. ఎడమకి లాగితే లోపం ఎడమ చక్రంలోనే ఉందనుకుంటాం. చాలాసార్లు దానర్థం ఎడమది సరిగ్గా పడుతోంది, కుడిది పడటం లేదని. క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోయినా, పిస్టన్ ఇరుక్కున్నా, పైకి బాగానే కనిపించే హోస్ లోపల వాచి పూడుకుపోయినా అదే జరుగుతుంది. బ్రేకు వదిలాక కూడా లాగుతూనే ఉంటే మాత్రం ఎడమది పట్టుకుని వదలడం లేదు. ముందు రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడకుండా ఇంత దూరం ఆలోచించొద్దు, అది రెండు నిమిషాల పని. చదును రోడ్డు మీద ఖాళీగా కాసేపు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా ముట్టుకోకుండా అరచెయ్యి పెట్టి చూడండి. ఒక వైపు మండుతూ ఇంకో వైపు చల్లగా ఉంటే సంగతి బయటపడినట్టే.

బాగు చేయించాల్సిన క్రమం కూడా ముఖ్యమే. మొదట వెనక డ్రమ్ములు తీసి చూడాలి. షూల మీది లైనర్ల మందం, వీల్ సిలిండర్ చెమ్మ, యాక్సిల్ సీలు నుంచి ఆయిల్ వచ్చి లైనర్లకి పట్టిందా అన్నది. ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవాలి. తర్వాత షూల ఎడ్జస్ట్‌మెంటు, అది అయ్యాకే హ్యాండ్ బ్రేకు కేబులు. చాలాచోట్ల తలకిందులుగా చేస్తారు. ముందు కేబులు బిగిస్తే క్లిక్కులు తగ్గి అందరూ సంతోషిస్తారు, లోపల షూలు మాత్రం దూరంగానే ఉండిపోతాయి. తమంతట తాము సర్దుకునే ఎడ్జస్టర్లు కూడా అప్పుడు పని చెయ్యవు.

తర్వాత క్యాలిపర్లు. మూడు సెట్లు తిన్న డిస్కుల మీద నీలి మచ్చలున్నాయా, ఎంత పలచబడ్డాయో చూడాలి. కనీసం ఎంత మందం ఉండాలో సాధారణంగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది. ప్యాడ్ల ముఖం అద్దంలా మెరుస్తుంటే అవి కాగి గట్టిపడ్డాయి, మందం మిగిలినా పనికిరావు.

ఆఖర్న ఆయిల్ మార్పు. కలపడం కాదు, నాలుగు చక్రాల నుంచీ పాతదంతా పోయి కొత్తది వచ్చేదాకా తియ్యాలి. మూత మీద ఏ డాట్ రాసి ఉందో అదే. డాట్ 5 అనే సిలికాన్ రకాన్ని మాత్రం దీనితో కలపకూడదు. మీ బావకి తెలిసినా గుర్తు చెయ్యాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఛాసిస్‌కి జాకీ పెట్టి వెనక చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఎయిర్ తీస్తే, యాక్సిల్ కిందికి దిగిపోయి లోడ్ సెన్సింగ్ వాల్వు దాదాపు మూసుకుంటుంది. వెనక లైన్లో గాలి మిగిలిపోతుంది. బండి తన చక్రాల మీదో, స్టాండ్లు యాక్సిల్ కిందో ఉండాలి. కొన్నిటికి ఆ వాల్వు దగ్గరే గాలి తీసే వేరే బ్లీడర్ ఉంటుంది. రెండోది, పాత మాస్టర్ సిలిండర్‌తో పెడల్‌ని నేల దాకా తొక్కి ఎయిర్ తీయొద్దు. రోజూ పిస్టన్ వెళ్ళని ఆ లోతులో తుప్పూ మడ్డీ ఉంటాయి, కప్పులు వాటికి రాసుకుని చిరుగుతాయి. పెడల్ కింద చెక్క ముక్క పెడితే చాలు. మీ పెడల్ ఆ రోజు ఎలాగూ నేలకి తగిలింది కాబట్టి, పనంతా అయ్యాక అర నిమిషం నొక్కి పట్టే పరీక్ష ఇంకోసారి చెయ్యండి.

కమాన్ పట్టీ దగ్గర మీకు మూడు దారులున్నాయి. తీసేయించి, లోడు ప్లేటు ప్రకారం తగ్గించుకుంటే వాల్వు దానంతట అదే లెక్కలోకి వస్తుంది. ట్రిప్పుకి రాబడి తగ్గుతుంది, ప్యాడ్లూ టైర్ల ఖర్చూ తగ్గుతుంది. ఆ రెండూ కాగితం మీద వేసుకుని చూడండి, తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు. రెండో దారి, పట్టీ ఉంచి వాల్వుని తిరిగి సెట్ చేయించడం. ఇది కంటితో చేసే పని కాదు. వెనక యాక్సిల్ మీద ఇంత బరువుంటే ముందు ఇంత ప్రెషర్, వెనక ఇంత ప్రెషర్ అని సర్వీసు పుస్తకంలో ఉంటుంది, గేజీలు తగిలించి చూడాలి. పైగా పుస్తకంలో అంకెలు కంపెనీ కమాన్లకి రాసినవి, మార్చిన కమాన్లకి సెట్ చేస్తామని ఒప్పుకునేవాళ్ళు తక్కువ. మూడోది మీకు ఎవరో ఒకరు చెప్పే తీరతారు: రాడ్డుని తీగతో పైకి కట్టెయ్యి, వెనక బ్రేకు ఫుల్లుగా పడుతుందని. నిజమే, లోడుతో ఉన్నప్పుడు పడుతుంది. పొద్దున ఖాళీగా కొండెక్కేటప్పుడు, వానలో, మలుపులో బ్రేకు వేశారనుకోండి, వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి గిర్రున తిరుగుతుంది. నేనైతే మొదటిది ఎంచుకుంటాను, కానీ అప్పు కిస్తీ కట్టేది నేను కాదు.

బావ సంగతి. మీరు దీన్ని నమ్మకం, అవమానం లెక్కలో చూస్తున్నారు కాబట్టి బరువుగా ఉంది. మీ దగ్గర ఇప్పుడు ఆయన దగ్గర లేని సమాచారం ఒకటుంది, అక్కణ్ణించి మొదలుపెట్టండి. "నువ్వు సరిగ్గా చూడలేదు" అంటే ఎవరైనా అడ్డం తిరుగుతారు. "బావా, ఒకటి చెప్పలేదు, వెనక పట్టీలు వేయించాను, దాంతో వాల్వు తప్పుతోందేమో చూద్దామా? దిగేటప్పుడు కాలు ఆనిస్తున్న మాటా నిజమే" అనండి. రెండో వాక్యం అబద్ధం కాదు, పైగా ఆయన మాటకి విలువ ఇచ్చినట్టు. పని తెలిసిన మెకానిక్ అయితే వాల్వు పేరు వినగానే కిందికి దూరతాడు. ఆయన దగ్గరే చేయిస్తే మనుషుల మధ్య మాట పోదు. కాకపోతే ఉచితంగా చేసే పనిలో ఒక లోపం ఉంటుంది. ఎదురు ప్రశ్న అడగలేం, రేపు చూద్దాం అంటే కాదనలేం. ఈసారి కూలి ఇవ్వండి. తీసుకోకపోతే అక్క చేతిలో పెట్టండి. పనికి డబ్బిచ్చినవాడికి పక్కన నిలబడి చూసే హక్కు వస్తుంది.

అలా చెప్పినా "నీకు భయం" అనే మాట దగ్గరే ఆగిపోతే ఇంకోచోట చూపించడం ఆయన్ని కాదనడం కాదు. గేజీలూ ఆయిల్లో నీరు కొలిచే పరికరం ఉన్న సర్వీసు సెంటరుకి ఒక్క పరీక్ష కోసమే తీసుకెళ్ళి, ఆ కాగితం తెచ్చి మరమ్మతు బావ చేతే చేయించొచ్చు. దీనికి ఖర్చు రెండు చోట్లా అవుతుంది. చెప్పకుండా దొంగచాటుగా వెళ్ళడం మాత్రం నాకు నచ్చదు. మెకానిక్కుల లోకం చిన్నది, మూడో రోజుకి ఆయనకి తెలుస్తుంది, అక్క భయపడినట్టే అవుతుంది.

ఇదంతా అయ్యేదాకా ఏం చెయ్యాలన్నది మీ ఇష్టం అని నేను అనలేని ఒక్క చోటు. ఆయిల్ మార్చి, వెనక బ్రేకులు చూసేదాకా లోడుతో ఆ కొండ దిగొద్దు. కిందనే దొరికే పని చూసుకోవచ్చు, వేరే బండి అద్దెకి తీసుకుని సరుకు దించొచ్చు, నాలుగు రోజులు ఆపెయ్యనూ వచ్చు. నష్టం మూడింటిలోనూ ఉంది. సగం లోడుతో నెమ్మదిగా దిగుతానంటారేమో. వేడి సగానికి దగ్గరగా తగ్గుతుందనుకోకండి, బండి సొంత బరువు ఎక్కడికీ పోదు. పైగా ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడానికి మీ మనసు ఎలా ఒప్పుతుంది?

భార్యకి చెప్పాలి. నీతి కోసం అనడం లేదు. ఆ కుర్రాడు ఇప్పటికే ఎవరికో చెప్పి ఉంటాడు, ఆవిడకి వేరే నోటి నుంచి చేరితే బాధ మలుపు గురించి ఉండదు, దాచడం గురించి ఉంటుంది. ఇప్పుడైతే కారణమూ తెలుసు, చేయించబోయే పనీ తెలుసు, చెప్పడానికి మూడు వారాల కిందటి కంటే మంచి సమయం ఇదే.

అమ్మకం గురించి ఇప్పుడే తేల్చకండి. బ్రేకుల భయంతో అమ్మితే తక్కువకి అమ్ముతారు, కొన్నవాడికి లోపం చెప్పకపోతే అతనూ ఎక్కడో ఒక కొండ దిగుతాడు. బాగు చేయించి, ప్లేటు లోడుతో మూడు నెలలు నడిపి, అప్పుడు రాబడి చూడండి. కిస్తీ వెళ్ళకపోతే అమ్మండి, అది లెక్క ప్రకారం అమ్మడం అవుతుంది. బండి సరిగ్గా ఉన్నా ఆ మలుపు దగ్గర చేతులు వణుకుతూనే ఉంటే అది కూడా ఒక కారణమే, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

చివర్లో కొసరుగా అడిగారు, ఇంట్లో ఆరు నెలల కిందట తెరిచిన బ్రేక్ ఆయిల్ సీసా సగం ఉంది, అదే పోసుకోవచ్చా అని. వద్దు. తెరిచిన రోజు నుంచి అదీ తేమ తాగుతూనే ఉంది, బావ మొన్న కలిపింది అందులోదేనని నా అనుమానం. సీలు తియ్యని చిన్న సీసాలు కొనండి, మిగిలితే ఉంచుకోవద్దు. పాతది కాలవలో పొయ్యకుండా గ్యారేజీలో వాడిన ఆయిల్ తీసుకునేవాళ్ళకి విడిగా ఇవ్వండి. బండి రంగు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి, పెయింటు లేచిపోతుంది.